తోంగ్‌పాల్‌లో రేడియో, కిరండూల్‌లో నేను

రేడియో ఒక చోటా మనిషి ఒక చోటా ఉంటే హాయి అని నాకు మొదట చెప్పింది ఎవరో గుర్తు లేదు. గుర్తుంటే ఈపాటికి వాళ్ల ఇంటికి వెళ్లి కడిగేసి వచ్చేవాణ్ని.

నేను కిరండూల్ గనిలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. ఊరు విజయనగరం వైపు. నాకున్న ఒకే ఒక్క వ్యసనం హామ్ రేడియో. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో ఒక సెట్టు పెట్టుకుని, క్వార్టర్ మీద తీగ కట్టుకుని నాలాంటి మరికొందరితో మాట్లాడుకోవడం. మరికొందరు అంటున్నాను గానీ నిజానికి ఒక్కరే. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు. డ్యూటీకి వెళ్లే ముందు, ఎండ పడుతుండగా, నలభై మీటర్ల బ్యాండ్ మీద ఆయనతో కాసేపు మాట్లాడడం ఏళ్ల తరబడి నాకు అలవాటు. పెద్ద విషయాలేమీ ఉండవు. ఆయన బోరు మోటారు, నా షిఫ్టు, అక్కడి ఎండ, ఇక్కడి వాన. ఆ కాసేపు లేకపోతే మాత్రం ఆ రోజంతా నాకు పళ్లు తోముకోనట్టుగా ఉంటుంది.

అలాంటిది, కొన్నేళ్లుగా మా క్వార్టర్ల లైన్లో ఇంటింటికీ ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చవక చార్జర్లు చేరాయి. ఒక్కొక్కటీ ఎంత చిన్నదైనా రేడియోలో అన్నీ కలిసి బాణలిలో బూరెలు వేగినట్టు రొద పెడతాయి. మొదట్లో మాస్టారి గొంతు ఆ రొద మీద తేలేది. తరవాత అందులో మునగడం మొదలైంది. ఏ ఇంటి నుంచి వస్తోందో కనిపెడదామని ఒక చిన్న రిసీవర్ పట్టుకుని గోడల వెంట తిరిగాను. ఇద్దరు ముగ్గుర్ని బతిమాలి మెయిన్ స్విచ్చి తీయించి చూశాను. "మీ వల్ల నేను లైన్లో తల ఎత్తుకోలేకపోతున్నాను" అని మా ఆవిడ ఒకరోజు నా రిసీవర్‌ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఇటు నేను రోజూ "ఏమన్నారు? మళ్లీ చెప్పండి" అని అడగడమే. మాస్టారు చివరికి విసుక్కున్నారు.

"బాబూ, నీతో మాట్లాడుతుంటే మా అమ్మమ్మతో మాట్లాడినట్టుందయ్యా. ఆవిడకీ అన్నీ మూడుసార్లు చెప్పాలి."

మా అన్నయ్య ఉండేది తోంగ్‌పాల్‌లో. జగదల్‌పూర్ నుంచి సుక్మా వెళ్లే హైవే పక్కన ఇల్లు. అన్నయ్య లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. వదిన సరిహద్దులో ఉన్న కుంట అనే ఊరి దగ్గరి పిల్ల. ఇంటి ముందు వైపు టిఫిన్ హోటల్ నడుపుతుంది. పెరట్లో పెద్ద ఇప్పచెట్టు ఉంది. ఒక ఆదివారం నా పాత సెట్టు ఒకటి పట్టుకెళ్లి, ఆ చెట్టుకీ ఒక వెదురు గడకీ మధ్య తీగ కట్టి, సెట్టు ఆన్ చేశాను. ఏమీ వినబడలేదు. సెట్టు పాడైందనుకున్నాను. పాడవలేదు. అంత నిశ్శబ్దాన్ని నేను మరచిపోయానంతే. ఆ నిశ్శబ్దంలోంచి మాస్టారి గొంతు, పక్క గదిలో కూర్చుని పిలిచినట్టుగా వచ్చింది.

బుర్రలో పురుగు తొలిచింది అప్పుడే. సెట్టు ఇక్కడే ఉంచేసి, నేను కిరండూల్‌లో కూర్చుని ఇంటర్నెట్ మీద దాన్ని నడిపితే? మాస్టారికి చెప్పాను. ఆయనకి నచ్చలేదు.

"మన మాట ఆకాశంలోంచి వెళ్లాలి గానీ రీచార్జి చేయించుకున్న డేటాలోంచి కాదు."

"తోంగ్‌పాల్ నుంచి మీ దాకా ఆకాశమే మాస్టారూ. మా ఇంటి నుంచి తోంగ్‌పాల్ దాకానే డేటా."

"అయితే తోంగ్‌పాల్‌లోనే కాపరం పెట్టు" అని ఆయన సెట్టు కట్టేశారు.

చెప్పడానికి ఇదంతా చాలా సులువు. సెట్టుని ఒక చిన్న కంప్యూటర్‌కి కలపాలి. ఆ కంప్యూటర్‌ని సిమ్ వేసిన ఒక నెట్ డబ్బాకి కలపాలి. ఇక్కడ నా కంప్యూటర్‌లో ఆ సెట్టు ముఖం కనిపిస్తుంది. నేను ఇక్కడ మౌస్ తిప్పితే అక్కడ స్టేషను మారుతుంది. ఇక్కడ బటన్ నొక్కి మాట్లాడితే అక్కడి తీగ మీంచి నా మాట గాలిలోకి వెళ్తుంది. కాగితం మీద గీస్తే మూడు పెట్టెలు, రెండు గీతలు. తోంగ్‌పాల్ ఇంటి చిరునామాని లైసెన్సులో చేర్పించడానికి రాసి, అనుమతి వచ్చేదాకా ఆగి, సామాను మూటకట్టుకుని తోంగ్‌పాల్‌లో దిగాను.

వదిన తన సామాను గదిలో ఒక మూల ఇచ్చింది. ఒక పక్క బియ్యం బస్తాలు, ఒక పక్క ఉల్లిగడ్డల మూటలు. నేను బల్ల వేసి తీగలు పరుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంది మరిదీ ఇది? టీవీనా?"

"రేడియో వదినా."

"రేడియోకు ఇంత సామానెందుకు? మా నాయిన రేడియో ఇంతే ఉండె. జేబుల ఏసుకుని చేనుకు పోయేటోడు."

"ఇది వినడానికే కాదు. మాట్లాడడానికి కూడా."

"ఎవరితోని మాట్లాడ్తవు?"

"గోదావరి పక్కన ఒక మాస్టారు ఉన్నార్లే."

"ఆయనకు ఫోన్ లేదా?"

"ఉంది."

వదిన నా ముఖం కేసి చూసింది. "సరే తియ్యి. ఉల్లిగడ్డలు మాత్రం ఈడనే ఉంటయి" అని హోటల్లోకి వెళ్లిపోయింది.

నేను కిరండూల్ చేరి ఊపిరి పీల్చుకునే లోపే ఠాణా నుంచి ఇద్దరు వచ్చి పెరట్లో తీగ చూసి అడిగారట, ఇది ఎవరిదని. నక్సలైట్ల అలజడి ఉన్న ఈ వైపు ఇళ్ల మీద కొత్తగా తీగ కనిపిస్తే అడుగుతారు. అడగాలి కూడా. వదిన ఉన్నది ఉన్నట్టు చెప్పింది, తన హిందీలో: "మేరే దేవర్ కా హై సాబ్. వో కిరండూల్ మే రహతా హై, యహాఁ సే బోల్తా హై." మా మరిదిది, మనిషి కిరండూల్‌లో ఉంటాడు, మాట్లాడేది ఇక్కణ్నుంచి. ఈ మాట విన్నాక ఎవరికైనా అనుమానం పెరుగుతుందే గానీ తగ్గదు. సెలవు పెట్టి, లైసెన్సూ అనుమతి కాగితాలూ పట్టుకుని, దంతెవాడ దాకా బస్సు, అక్కణ్నుంచి జీపులు మారి మళ్లీ తోంగ్‌పాల్ వెళ్లాను. అక్కడి అధికారి చాలా మర్యాదగా కాగితాలన్నీ చదివి, టీ తెప్పించి, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. మనిషి అక్కడ, రేడియో ఇక్కడ, ఎందుకలాగ? బల్బుల రొద గురించీ మాస్టారి గురించీ నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఆయన తల ఊపి నా ఫోన్ నంబరు రాసుకుని పంపించేశాడు. బయటికి వచ్చాక, నేను చెప్పిన జవాబు నాకే అంత గట్టిగా అనిపించలేదు.

ఇంక నెట్ సంగతి. అన్నీ బిగించి ఇంటికొచ్చి కూర్చుంటే లోపలికి వెళ్లడానికి దారి లేదు. మొబైల్ నెట్‌లో ఒక్కొక్కరికీ విడిగా చిరునామా ఉండదట. వందలమంది ఒకే చిరునామా వెనక ఉంటారు. లోపలివాళ్లు బయటికి పిలవగలరు గానీ, బయటివాళ్లు లోపలి మనిషిని పేరు పెట్టి పిలవలేరు. ఇది నాకు నెల రోజులు కుస్తీ పట్టాక తెలిసింది. చివరికి ఎక్కడో మహానగరంలో ఒక కంప్యూటర్‌లో కాస్త చోటు అద్దెకి తీసుకున్నాను. తోంగ్‌పాల్ డబ్బా దాన్ని పిలుస్తుంది, నేనూ దాన్ని పిలుస్తాను, ఇద్దరం అక్కడ కలుసుకుంటాం. అంటే, పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే తోంగ్‌పాల్‌కి నా మాట దేశం సగం తిరిగి చేరుతుందన్నమాట.

ఆ డబ్బాలు ఏ వారమూ సక్రమంగా ఉండేవి కావు. ఏదో ఒకటి బిగుసుకుపోయేది. బిగుసుకుపోతే ఎవరో ఒకరు తీసి మళ్లీ పెట్టాలి. ఆ ఎవరో ఒకరు వదినే.

"వదినా, నెట్ డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోందా?"

"ఎర్ర లైట్లు నాలుగున్నయి. ఏది?"

"చిన్న డబ్బా. తెల్లది."

"రెండు తెల్లగనే ఉన్నయి. ఒకదాని మీద పిండి పడ్డది."

"పిండి ఎందుకు పడింది?"

"ఇది టిఫిన్ హోటల్ మరిదీ. పిండి పడకుంటే మన్ను పడ్తదా?"

"సరే, పిండి పడిందాన్ని ఆపి మళ్లీ వెయ్యి."

టక్కుమని చప్పుడయ్యేది. నా కంప్యూటర్‌లో ఏమీ మారేది కాదు. ఆమె ఆపింది ఫ్రిజ్ అని కాసేపటికి తెలిసేది. అటు దోసెలకి గిరాకీ, ఇటు నా ఫోను. "ఆగు, ఇద్దరికి ఇడ్లీలు ఇచ్చొస్త" అని ఫోన్ అక్కడే ఉల్లిగడ్డల మీద పెట్టి వెళ్లేది. ఆ మూటల మధ్య నుంచి హోటల్లో హల్బీ, గోండి, హిందీ, తెలుగు అన్నీ కలిసి వినబడుతుంటే, ఆమె తిరిగొచ్చేదాకా నేను చెవికి ఫోన్ ఆనించుకుని డ్యూటీ చొక్కాతో కూర్చునేవాణ్ని.

అన్నింటికంటే కష్టం ఇంకొకటి. మనిషి లేని గదిలో లైటు వెలిగితే వదిన ఊరుకోదు. పొద్దున్న నేను కనెక్ట్ అయ్యేసరికి సెట్టు చచ్చి ఉండేది. అడిగితే, "గదిల ఎవ్వరు లేరు, బిజిలీ కాల్తున్నది, బంద్ జేసిన" అనేది.

"గదిలో ఎవరూ ఉండకపోవడమే కదా వదినా దీని పని!"

"ఎవ్వరు లేని తాన పని ఏంది?"

స్విచ్చి మీద కాగితం అంటించాను, ఆపవద్దు అని. ఆవిరికి అది ఊడిపోయింది. టేపు వేశాను. అన్నయ్య లారీ దిగి వచ్చి, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి ఆ టేపు పీకి నా ప్లగ్గు తీసేశాడు. చేసేది లేక ఆ స్విచ్చిని పక్కన పెట్టి, గోడలోంచి నేరుగా తీగ లాగి, సెట్టు వెనకాల ఒక్కటే స్విచ్చి ఉంచాను.

ఎండలు ముదిరే వేళకి ఇప్పపూలు రాలడం మొదలైంది. రాలిన పూలు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులకి నిప్పు పెట్టడం ఈ వైపు ఇంటింటా ఉన్నదే. వదినా పెట్టింది. నా యాంటెనా కేబుల్ చెట్టు మొదలు నుంచి ఆ ఆకుల కిందుగానే గదిలోకి వెళ్తుంది. దాని మీద ప్లాస్టిక్ కరిగి, లోపలి రాగి అల్లిక మెరుస్తూ బయటపడింది. ఆ సంగతి తెలియక నేను కిరండూల్‌లో వారం రోజులు కంప్యూటర్ సెట్టింగులన్నీ మార్చి మార్చి చూశాను. ఆదివారం వెళ్లి చెట్టు కింద నిలబడితే గానీ అర్థం కాలేదు. వదిన బుట్ట నిండా పూలు పట్టుకుని వచ్చింది.

"అది నీదా? ఎండిన తీగె అనుకున్న. మంచిగనే కాలింది."

కొత్త కేబుల్ కొని, ఈసారి పైపులో పెట్టి భూమిలో పాతిపెట్టాను. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి ఇదంతా మొదలుపెట్టినవాణ్ని, అంతకు ముందు ఏడాదికి రెండుసార్లు వెళ్లే తోంగ్‌పాల్‌కి ఇప్పుడు ఆదివారం ఆదివారం వెళ్తున్నాను. మా ఆవిడ ఒకసారి, "అక్కడే ఒక మంచం వేయించుకోండి" అంది. మాస్టారు చెప్పిందీ అదే.

ఎట్టకేలకు ఒక పొద్దున అన్నీ కుదిరాయి. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని బటన్ నొక్కి పిలిచాను. మాస్టారు పలికారు. ఒక్క పొల్లు కూడా పోకుండా వినబడింది. ఎలా ఉంది మాస్టారూ అని అడిగాను.

"గట్టిగానే వస్తున్నావు గానీ, నేను అడిగిన దానికి నువ్వు కాస్త ఆగి జవాబు చెబుతున్నావు. అబద్ధం ఆలోచించుకుంటున్నవాడిలా ఉంది."

నెట్ మీద దేశం సగం తిరిగి వచ్చేసరికి అయ్యే ఆలస్యం అది. వివరించాను. ఆయన "ఆ మహానగరం దాకా వెళ్లొస్తున్నావు కదా, అక్కడ ధరలెలా ఉన్నాయి?" అన్నారు.

అలా కొన్నాళ్లు బాగానే నడిచింది. అసలు కథ ఆ తరవాత జరిగింది.

ఇలాంటి సెట్టులో మాట్లాడాలంటే బటన్ నొక్కాలి, వినాలంటే వదలాలి. నొక్కినంతసేపూ ఆ ఫ్రీక్వెన్సీ మనదే, ఇంకెవరి మాటా సాగదు. ఒక పొద్దున మాస్టారితో మాట్లాడుతుండగా తోంగ్‌పాల్‌లో నెట్ పోయింది. నేను నొక్కిన సంగతి అక్కడికి చేరింది. వదిలిన సంగతి చేరలేదు. సెట్టు అలాగే ప్రసారంలో ఉండిపోయింది. పైగా ఆదివారం పరీక్షించడానికి తగిలించిన చేతి మైకు తీయడం మరిచి, ఉల్లిగడ్డల మూట మీదే వదిలి వచ్చాను.

నా కంప్యూటర్ తెర గడ్డకట్టుకుపోయింది. ఏం జరిగిందో చూద్దామని ఇంట్లో ఉన్న సెట్టు ఆన్ చేశాను. బల్బుల రొదని చీల్చుకుంటూ వదిన గొంతు వచ్చింది. గదిలో కూర్చుని ఉల్లిగడ్డలు ఏరుతూ ఫోన్లో తన చెల్లెలితో మాట్లాడుతోంది. దక్షిణాది మొత్తం వినేలా.

"...ఏం చెప్పాలె, మా మరిది ఒక డబ్బా తెచ్చి పెట్టిండు. ఆయనకు పిచ్చి లేచింది. ఎవరో గోదావరాయనతోని మాట్లాడెటందుకట. ఆయనకు ఫోన్ ఉన్నదట మళ్ల!"

నేను వెంటనే వదినకి ఫోన్ చేశాను. బిజీ. బిజీగానే ఉంటుంది కదా, ఆ మాట్లాడుతున్నది ఫోన్లోనే. అన్నయ్యకి చేశాను. ఒడిశా వైపు ఎక్కడో ఉన్నాడు, సిగ్నల్ లేదు. మళ్లీ వదినకి చేశాను. మళ్లీ బిజీ. రేడియోలో మాత్రం ఆమె గుక్క తిప్పుకోకుండా సాగుతోంది.

"ఆదారం ఆదారం వస్తడు. వచ్చినోడు కాళ్లు కడుక్కోడు, అన్నం తినడు, సీదా ఆ డబ్బా ముందట కూసుంటడు. వాళ్లన్నకు నడుం నొప్పి లేచి నెల అయితున్నది, ఎట్లున్నదని ఒక్క మాట అడిగిండా? ఇంట్ల మనుషులున్నరని యాదుండదు ఆయనకు. తీగెలున్నయా లేవా, గంతే."

ఇంతలో నా ఫోన్ మోగింది. మాస్టారు. ఇన్నేళ్లలో ఆయన నాకు ఫోన్ చేసింది ఎప్పుడో ఒకసారి.

"బాబూ, మీ వదినగారు చాలా బాగా మాట్లాడుతున్నారు. మాటలో ముక్కుసూటితనం ఉంది. కానీ ఫ్రీక్వెన్సీ వదలడం లేదు. ఇక్కడ అందరూ ఆగిపోయి వింటున్నారు."

"అందరూ అంటే?"

"చెన్నై ఆయన ఉన్నారు, నాగపూర్ ఆయన ఉన్నారు. ఆయనకి తెలుగు రాదు, ఏం జరిగిందని ఫోన్ చేసి నన్ను అడుగుతున్నారు. చెప్పనా?"

"వద్దు మాస్టారూ."

సెట్టు అంతసేపు ఎడతెగకుండా ప్రసారంలో ఉంటే లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. లైసెన్సు నాది, గాలిలో మాట ఇంకొకరిది, అది ఇంకో తప్పు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బస్సుకి పరిగెత్తుదామా అని గుమ్మం దాకా వెళ్లి, వెళ్లేసరికి మధ్యాహ్నమవుతుందని తెలిసి మళ్లీ కుర్చీలో కూలబడ్డాను. నా గురించి నేనే వింటూ. మా ఆవిడ కాఫీ తెచ్చి, రేడియో వైపు చెవి పెట్టి, "అక్క అన్నదాంట్లో తప్పేముంది?" అని లోపలికి వెళ్లింది.

చివరికి వదిన మాట మధ్యలో ఆగింది.

"ఆగవే, ఈ డబ్బా మీద ఎర్ర లైటు ఎలుగుతున్నది. పెట్టె పట్టుకుంటె చుర్రుమంటున్నది. ఎవ్వరు లేకుంట ఊరికే బిజిలీ కాల్తున్నది. ఉండు, ఎనుక స్విచ్చి బంద్ జేసొస్త."

టక్కుమంది. బ్యాండ్ మీద మళ్లీ బూరెలు వేగడం మొదలైంది. ఇన్నాళ్లూ ఏ అలవాటు మానమని ఆమెని బతిమాలుకున్నానో, ఆ అలవాటే నా సెట్టుని కాపాడింది. దానికి కూడా చిరాకే వేసింది నాకు.

ఆ ఆదివారం తోంగ్‌పాల్ వెళ్లి ముందు కాళ్లు కడుక్కున్నాను. అన్నయ్య మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. నడుం ఎలా ఉందని అడిగాను. తల తిప్పి నన్నూ వదిననీ మార్చి మార్చి చూసి, "ఇదేంటి కొత్తగా?" అన్నాడు. వదినకి నేను మెల్లిగా చెప్పాను, ఆ రోజు ఆమె మాట్లాడిందంతా గాలిలోకి వెళ్లిందని. ఆమె చేతిలో గరిటె ఆగింది.

"అంత ఇన్నరా?"

"విన్నారు."

"గోదావరాయన?"

"ఆయనా విన్నారు. చెన్నై వాళ్లూ విన్నారు."

సిగ్గుపడుతుందనుకున్నాను. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె పెనం మీద పిండి పోసి తిప్పుతూ, "మంచిగైంది. ఎవరో ఒకరు చెప్పాలె గద నీకు" అంది. అన్నయ్య మంచం మీదే నవ్వాడు. నవ్వగానే నడుం పట్టేసి అబ్బా అన్నాడు.

ఆ రోజు చేతి మైకు పీకి సంచిలో వేసుకున్నాను. నెట్ పోయిన మరుక్షణం సెట్టు దానంతట అదే వినే స్థితిలోకి రావాలని కంప్యూటర్‌కి ఒక ఏర్పాటు చేశాను. అది కూడా పడకేస్తే కాసేపటికి కరెంటే ఆగిపోయేలా విడిగా ఒక టైమర్ బిగించాను. మొదటి రోజే పెట్టుకోవలసినవి ఇవి. అన్నయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆ మధ్యాహ్నమే. మళ్లీ వెళ్లినప్పుడు వదిన నాకు అన్నం పెట్టాకే సామాను గది తాళం ఇచ్చింది.

తొలకరికి పిడుగు పడింది. వాన వస్తే యాంటెనా కేబుల్ పీకేయమని వదినకి చెప్పి ఉంచాను, ఆమె పీకింది. పిడుగు మాత్రం కరెంటు తీగ వెంట వచ్చి నెట్ డబ్బానీ కంప్యూటర్నీ మాడ్చేసింది. యాంటెనా సంగతి ఆలోచించినవాణ్ని కరెంటు సంగతి ఆలోచించలేదు, అదీ ఎలక్ట్రికల్ వాణ్ని. ఆ వానాకాలమంతా స్టేషను మూతబడింది. మాస్టారు నాకు ఒక్క మాట కూడా గుచ్చి అనలేదు. అది ఇంకా బాధగా ఉండింది. దసరా వెళ్లాక మళ్లీ అన్నీ కొని, ఈసారి పిడుగు కాపు కూడా బిగించి, మొదటి నుంచీ మొదలుపెట్టాను.

ఇప్పుడు నడుస్తోంది. వారంలో చాలా రోజులు నడుస్తోంది. అయినా ఈ శీతాకాలం మాస్టారి మాటలు తెగి తెగి రావడం మొదలుపెట్టాయి. గట్టిగా అన్న మాట వస్తుంది, మెల్లిగా అన్నది పోతుంది. మళ్లీ అన్నయ్య ఇంటికి ప్రయాణం. చెట్టెక్కి జాయింట్లన్నీ విప్పి కొత్తగా టంకం పెట్టాను. కేబుల్ తవ్వి తీసి మార్చాను. ఫలితం లేదు. మాస్టారికే గొంతు తగ్గిందేమో అని కూడా అనుకున్నాను.

మొన్న నాకు మొదటి షిఫ్టు పడి పొద్దున్న రేడియో దగ్గరికి వెళ్లలేదు. డ్యూటీలో ఉండగా వదిన ఫోన్ చేసింది. ఆమె తనంతట తాను నాకు ఫోన్ చేయడం అరుదు, కంగారుపడ్డాను.

"ఏంది మరిదీ, పెయ్యి బాగలేదా, జరమొచ్చిందా?"

"బాగానే ఉంది. ఏం వదినా?"

"ఇయ్యాల నువ్వు మాట్లాడలేదు. గోదావరాయన పిలిచి పిలిచి ఊకున్నడు. చెప్పొద్దా ఆయనకు, రానని?"

"ఆయన పిలిచింది నీకెలా తెలుసు?"

"రోజు ఆయన మాటలు ఇంటనే ఉంట గద. ఇడ్లీలు దించుకుంట. ఆయన కోడలు మళ్ల పుట్టింటికి పోయిందట, నీకు చెప్పిండా?"

"వదినా, నేను సెట్టు సౌండు తగ్గించే వచ్చాను కదా."

"నేనే పెంచిన. ఆ పెద్ద బుడిపె తిప్పితె పెరిగింది."

ఆ సెట్టుకి సౌండు బుడిపె చుట్టూ ఇంకో కంకణం ఉంటుంది. దాన్ని తిప్పితే మెల్లని మాటలన్నీ లోపలే ఆగిపోతాయి, గట్టివి మాత్రమే బయటికి వస్తాయి. ఆమె తిప్పినప్పుడల్లా రెండూ కలిసి తిరుగుతున్నాయన్నమాట. నేను చెట్టెక్కింది, టంకం పెట్టింది, కొత్త కేబుల్ కొన్నది దీని కోసం. "వదినా, ఆ బుడిపెని ముట్టుకోవద్దు. దాని వల్ల నెల రోజుల్నించీ నాకు సరిగ్గా వినబడటం లేదు" అని అరిచాను. పక్కన పనిచేస్తున్నవాళ్లు తిరిగి చూశారు.

"మరి నాకు ఇనబడకపోతె ఎట్ల?" అంది ఆమె.

ఆదివారం ఒక చిన్న స్పీకర్ కొని పట్టుకెళ్లాను. సెట్టు వెనక నుంచి తీగ లాగి, గోడకి కన్నం చేసి, హోటల్లో పొయ్యి పక్కన మేకుకి తగిలించాను. దానికి ఒకటే బుడిపె. ఇష్టం వచ్చినంత తిప్పుకోమని చెప్పాను. వదిన తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, మూతి విరిచింది.

"దీంట్ల ఆయన గొంతు జలుబు చేసినట్టున్నది. మంచిది దొరకలేదా?"